మొండికేసింది ఒళ్లు కాదు, క్రిమి

పోయిన ఎండకాలం ఒకనాడు పొద్దుగాలనే మా గల్లీల ఉండే ఒక చెల్లె వచ్చి నా చేతుల ఒక కాగితం పెట్టింది. ఆమె షాపూర్‌నగర్ దిక్కు ఒక కంపెనీల ప్యాకింగ్ పని చేస్తది. మూడు వారాల సంది మూత్రంల మంట, నడుము నొప్పి, రాత్రి కాంగనే చలిజరం. మెడికల్ షాపుల ఇచ్చిన గోలీలు అయిపోయినయి, క్లినిక్‌ల వేసిన సూదులు అయిపోయినయి. ఆఖరికి పెద్ద దవాఖానకు పోతే మూత్రం పరీక్షకు పంపి ఈ కాగితం ఇచ్చిన్రు. "అన్నా, ఇన్ని మందులు మింగిన, ఒక్కటి పని చేయలేదు. నా ఒళ్లు మందులకు అలవాటు పడిపోయిందా ఏంది?" అని అడిగింది.

కాగితంల ఎడమ దిక్కు మందుల పేర్లు. కుడి దిక్కు ఒక్కో మందుకు ఎదురుంగ ఒక్కో అక్షరం, ఆర్ లేకుంటే ఎస్. ఆర్‌లే ఎక్కువ. అమాక్సిక్లావ్ ఆర్, సెఫ్ట్రియాక్సోన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. కింద ఎక్కడో నైట్రోఫ్యూరంటాయిన్ ఎస్, మెరోపెనెమ్ ఎస్. అన్నిటికన్న పైన 'ఈ.కోలై' అని, దాని పక్కన 'ఈఎస్‌బీఎల్' అని రాసి ఉంది.

నేను డాక్టర్ను కాదు. ఇంటర్ సుత పూర్తి చెయ్యలేదు. ఊరు ఇడిచి జీడిమెట్లకు వచ్చి, కంపెనీల లోడింగ్ చేసి, యూనియన్ కాగితాలు రాసుకుంట రాసుకుంట నాలుగు అక్షరాలు నేర్చుకున్నోణ్ని. కానీ ఈ కాగితం మీది మాటలు మాత్రం కొన్నేండ్ల సంది ఎంట పడి నేర్చుకున్న. ఎందుకంటే నేనుండే జాగల ఈ మాటలు తెల్వకపోతే మనం కోపం తప్పు దిక్కు తిప్పుకుంటం. ఆ చెల్లె తన ఒంటి మీద తిప్పుకున్నట్టు.

ముందుగాల గా అపోహ తీసేద్దాం. ఒళ్లు యాంటీబయాటిక్‌కు అలవాటు పడదు. కల్లుకు అలవాటు పడుతది, గుట్కాకు అలవాటు పడుతది. యాంటీబయాటిక్ పని ఒంటి మీద కాదు, ఒంట్ల చేరిన బ్యాక్టీరియా మీద. బ్యాక్టీరియా అంటే ఒకే కణం ఉన్న జీవి. సొంతంగ తింటది, సొంతంగ పెరుగుతది, ఒకటి రెండయితది. వైరస్ వేరే. దానికి సొంత సంసారం లేదు, మన కణంల దూరి దాని సామానుతోనే పిల్లల్ని పెడుతది. సర్ది, ఫ్లూ, డెంగీ, కరోనా ఇవన్నీ వైరస్‌లు. యాంటీబయాటిక్ వాటిని ముట్టుకోదు. అయినా కరోనా కాలంల అజిత్రోమైసిన్ గోలీలు బఠాణీల లెక్క మింగినం. వైరస్‌కు ఏం కాలేదు. మన పేగులల్ల ఉన్న బ్యాక్టీరియాకు మాత్రం మంచిగ ట్రైనింగ్ ఇచ్చినం.

ట్రైనింగ్ అన్న గానీ, ఆ మాట కూడా కరెక్టు కాదు. బ్యాక్టీరియా ఏదీ నేర్చుకోదు. అసలు ఏమైతదో చెప్పాలంటే పత్తి చేను కాడికి పోవాలె.

మీలో చానమంది పత్తి ఏసేటోళ్ల పిల్లలే. బీటీ పత్తి 2002ల వచ్చింది. కాయతొలుచు పురుగును చంపే విషం చెట్టులనే ఉంటది, మందు కొట్టే పని లేదన్నరు. నిజంగనే కొన్నేండ్లు అట్లనే నడిచింది. తర్వాత గులాబీ రంగు పురుగు మల్ల వచ్చింది. రెండో రకం విషం కలిపి తెచ్చిన బోల్‌గార్డ్ 2ను సుత కొన్నేండ్లకు తిని బతికింది. అప్పుడు మన నాయిన గానీ, తాత గానీ "పత్తి చెట్టు మందుకు అలవాటు పడ్డది" అన్నడా? అనలే. "పురుగు మందుకు ఆగుతలేదు" అన్నడు. రైతుకు ఎవలు చెప్పకున్నా సైన్సు ఒప్పుగనే తెలిసింది.

ఆ పురుగుల్ల కోట్లల ఒకటి పుట్టుకతోనే జర తేడాగ ఉంటది. దాని జన్యువుల, అంటే ఒంటి తయారీ రాసి ఉన్న చిట్టీల, ఒక అక్షరం తప్పు పడ్డది. గా తప్పును మ్యుటేషన్ అంటరు, మన ఇంటర్ పుస్తకంల ఉత్పరివర్తన అని ఉంటది. విషం లేని చేన్ల ఆ తప్పుతోని లాభం లేదు, ఒక్కోసారి నష్టం కూడా. కానీ విషం ఉన్న చేన్ల మిగిలినయన్నీ సచ్చి అదొక్కటే మిగులుతది. తిండి మొత్తం దానిదే, చేను మొత్తం దాని పిల్లలదే. దీన్నే ప్రకృతి వరణం అంటరు. ఆ విషం చేసే పనిని సెలక్షన్ ప్రెషర్ అంటరు, అంటే ఎంపిక ఒత్తిడి. మందు మొండి క్రిమిని పుట్టియ్యదు. మొండిది కాని వాటినన్నిటినీ పక్కకు తీసి, మొండిదానికి జాగ ఇస్తది.

పత్తి పురుగుకు ఒక తరం గడవాలంటే నెల రోజుల లెక్క పడుతది. ఈ.కోలైకి మంచి తిండి, వెచ్చటి జాగ దొరికితే 20 నిమిషాలు చాలు. పొద్దుగాల ఒకటి ఉంటే, తిండి తక్కువ కాకుంటే, పొద్దుగూకే సరికి లెక్క పెట్టలేనన్ని. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945ల నోబెల్ బహుమతి తీసుకున్నప్పుడే ఈ ముచ్చట చెప్పిండు. సరిపోని డోసు ఏస్తే క్రిములు సావయి, మందును తట్టుకునేటట్టు తయారయితయని. మందు మార్కెట్ల పడ్డ కొత్తలనే హెచ్చరిక పడ్డది. ఎవలు విన్నరు?

తట్టుకునుడు అంటే ఎట్ల తట్టుకుంటది? దానికి తొవ్వలు నాలుగైదు ఉన్నయి. మందు లోపలికి వచ్చే తలుపు మూసుకునుడు ఒకటి. వచ్చిన మందును మోటార్ పెట్టి తోడినట్టు బయటకు పంపుడు ఇంకోటి, దాన్ని ఎఫ్లక్స్ పంప్ అంటరు. మందు పోయి తగిలే భాగాన్నే మార్చుకునుడు మూడోది. తాళం మార్చినంక పాత చెవి ఏం పని చేస్తది? సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఎక్కువ ఇట్లనే అయితది.

అన్నిటికన్న మన కాగితానికి సంబంధం ఉన్నది, మందునే కత్తిరించుడు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్, ఇవన్నీ ఒకే ఖాందాన్. వీటన్నిటి నడుమ నాలుగు మూలల ఉంగరం అసొంటిది ఉంటది, దాని పేరు బీటా-లాక్టమ్. ఆ ఉంగరం ఉంటేనే మందుకు బలం. కొన్ని బ్యాక్టీరియాలు ఆ ఉంగరాన్ని తుంచే కత్తెర తయారు చేసుకుంటయి. ఆ కత్తెర పేరు బీటా-లాక్టమేజ్. చిన్న కత్తెర అయితే పాత పెన్సిలిన్‌లనే తుంచుతది. జర పెద్ద కత్తెర, సెఫ్ట్రియాక్సోన్ అసొంటి సూదులను సుత తుంచేది, ఈఎస్‌బీఎల్. మన చెల్లె కాగితం మీద ఉన్నది గదే. ఇంక దానికన్న పెద్ద కత్తెర ఉన్నది, కార్బపెనమేజ్. అది మెరోపెనెమ్‌ను కూడా తుంచుతది. ఐసీయూల ఆఖరి దినాలల్ల పెట్టే మందు మెరోపెనెమ్. అది సుత పోయినంక డాక్టర్ చేతుల మిగిలేవి కొన్నే. వాటిల ఒకటి కొలిస్టిన్, కిడ్నీలు దెబ్బతింటయని ఒకప్పుడు పక్కన పెట్టిన మందు.

ఆ పెద్ద కత్తెరలల్ల ఒకదానికి మన రాజధాని పేరే ఉన్నది. 2008ల స్వీడన్‌ల ఒక పేషెంటు ఒంట్ల ఒక కొత్త కత్తెర ఉన్న క్రిమి దొరికింది. ఆయన అంతకు ముందు న్యూఢిల్లీల దవాఖానల ఉండి వచ్చిండు. దానికి 'న్యూఢిల్లీ మెటాలో బీటా-లాక్టమేజ్' అని పేరు పెట్టిన్రు, పొట్టిగ ఎన్‌డీఎం-1. మన సర్కారుకు కోపం వచ్చింది, దేశం పేరు ఖరాబు చేస్తున్నరని. పేరు మీద అయిన లొల్లిల సగం నీళ్ల మీద, మోరీల మీద అయి ఉంటే బాగుండు.

ఇప్పుడు అసలు ముచ్చట. పత్తి పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకే ఇయ్యగలుగుతది. పక్క చేన్ల ఉన్న మిడతకు ఇయ్యలేదు. బ్యాక్టీరియా ఇస్తది.

బ్యాక్టీరియాల ఒక పెద్ద డీఎన్ఏ దారం ఉంటది, అది దాని ఇంటి పట్టా. దానితోపాటు చిన్న చిన్న డీఎన్ఏ ఉంగరాలు వేరేగ తేలుకుంట ఉంటయి. వాటి పేరు ప్లాస్మిడ్. మీ ఫోన్ల ఉండే మెమరీ కార్డు అనుకోండ్రి. ఒక ఫోన్ల తీసి ఇంకో ఫోన్ల పెట్టొచ్చు, కంపెనీ వేరయినా నడుస్తది. రెండు బ్యాక్టీరియాలు దగ్గరికి వచ్చి, నడుమ సన్నటి గొట్టం ఏసుకుని, ఈ ప్లాస్మిడ్‌కు కాపీ తీసి ఒకటి ఇంకోదానికి ఇస్తది. ఇచ్చినదాని దగ్గర సుత ఉంటది, తీసుకున్నదాని దగ్గర సుత ఉంటది. బోటనీ చదివినోళ్లకు సంయుగ్మం అన్న మాట యాదికొస్తది, గదే ఇది. పరీక్షకు రెండు మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయిన మాట మన పానాల మీదికి వచ్చింది. ఇట్ల సంబంధం లేని బ్యాక్టీరియాల నడుమ జన్యువులు మారుడును అడ్డం బదిలీ అందాం. తల్లి నుంచి పిల్లకు వచ్చేది నిలువు బదిలీ.

ఈ మెమరీ కార్డుల ఒక్క పాట ఉండదు. కత్తెర జన్యువు, పంపు జన్యువు, ఇంకో మందును తట్టుకునే జన్యువు, అన్నీ ఒక్క ప్లాస్మిడ్ మీదనే వరుసగ ఉండొచ్చు. అప్పుడు ఒక మందు పడ్డా చాలు, ఆ ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియానే బతుకుతది, దానితోపాటు మిగతా జన్యువులన్నీ టికెట్ లేకుండ బస్సెక్కినట్టు ఎంబడి వస్తయి. చెల్లె ఎన్నడూ వాడని మందులకు సుత కాగితం మీద ఆర్ ఎందుకు పడ్డది? ఎక్కువ మటుకు గిదే కారణం. ఆమె తప్పుగ వాడిన గోలీల వల్లనే కావాలని లేదు. ఆ ప్లాస్మిడ్ ఎక్కడనో తయారై, తిండిల నుంచో, నీళ్ల నుంచో, దవాఖాన మంచం నుంచో ఆమె పేగులకు వచ్చి కూసున్నది. పేగులల్ల ఉన్నన్ని దినాలు ఏ బాధా ఉండదు. దీన్ని క్యారేజ్ అంటరు, మోసుకుతిరుగుడు. అది మూత్రం సంచిలకు పోయిన నాడు రోగమయితది.

మరి ప్లాస్మిడ్‌లు ఎక్కడ తయారయితయి? బ్యాక్టీరియాలు చాన, తిండి చాన, మందు కొంత ఉండి, అన్నీ కలిసే జాగల. గసొంటి జాగలు మూడు నాలుగు చెప్పొచ్చు. దవాఖాన ఒకటి, కోళ్ల ఫారం ఒకటి, ఊరి మురుగు ఒకటి. నాలుగోది మా దిక్కు ఉన్నది.

1960లల్ల బాలానగర్‌ల ఐడీపీఎల్ వచ్చింది. సర్కారు మందుల ఫ్యాక్టరీ. అక్కడ పని నేర్చుకున్నోళ్లు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నరు. ఐడీపీఎల్ ఖాయిలా పడ్డది గానీ జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్స్‌కు ప్రపంచంల పేరు తెచ్చుకున్నయి. బల్క్ డ్రగ్ అంటే గోలీల ఉండే అసలు మందు, పొడి రూపంల డ్రమ్ములల్ల పోయేది. మన దగ్గర తయారైన మందుతోని ఎక్కడెక్కడి దేశాల పిల్లలో బతికిన్రు, దాన్ని చిన్న చేసి మాట్లాడ. నా ఇంట్ల పొయ్యి సుత ఆ పనుల మీదనే అంటుకున్నది. కానీ మందు చేసే కాడ మిగిలే నీళ్లల్ల సుత మందు ఉంటది.

ఒక్కొక్క చిన్న కంపెనీ సొంతంగ నీళ్లు శుద్ధి చేసుకోలేదు గనుక అందరికీ కలిపి ఒక ప్లాంటు పెట్టిన్రు. జీడిమెట్లల ఒకటి, పటాన్‌చెరుల ఒకటి. ట్యాంకర్లల్ల నీళ్లు అక్కడికి పోతయి. 2007ల స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయనతోటోళ్లు పటాన్‌చెరు ప్లాంటు నుంచి శుద్ధి అయి బయటికి పోయే నీళ్ల లెక్క అచ్చేసిన్రు. ఆ ప్లాంటుకు 90 దాకా మందుల కంపెనీల నీళ్లు వచ్చేటియి. ఆ నీళ్లల్ల లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. ఒక మనిషి సిప్రో గోలీ మింగినంక నెత్తుట్ల ఉండే మందు కన్న అది ఎక్కువ. ఒక్క రోజుల పారిన నీళ్లల్ల మొత్తం మందు 45 కిలోలని వాళ్ల అంచనా. 500 మిల్లీగ్రాముల గోలీల లెక్కల చూస్తే 90 వేల గోలీలు, ఒక్క రోజుల, ఇసుకవాగుల. ఇసుకవాగు నక్కవాగుల కలుస్తది, నక్కవాగు మంజీరల కలుస్తది.

ఇంకో సంగతి మీరు ఆగి చదవాలె. ఇసొంటి ప్లాంటుల నీళ్లను శుద్ధి చేసేది ఎవలు? బ్యాక్టీరియానే. గాలి కొట్టి, బురదల బ్యాక్టీరియాను పెంచి, వాటితోని చెత్తను తినిపిస్తరు. ఆ బ్యాక్టీరియాకు బలం కావాలని పటాన్‌చెరుల మనుషుల మురుగు నీళ్లు సుత కలిపేటోళ్లు. అంటే మనుషుల పేగుల నుంచి వచ్చిన క్రిములు, తిండి, గాలి, నెత్తుట్ల కన్న ఎక్కువ డోసుల మందు, అన్నీ ఒక్క తొట్టిల. ఎవలో కావాలని చేసిన పని కాదు. అప్పటి ఇంజినీరింగ్ లెక్కల అది మంచి పద్ధతే. కానీ ఎంపిక ఒత్తిడి, ప్లాస్మిడ్ అన్న రెండు మాటలు తెలిసిన మనిషి దాన్ని చూస్తే ఒళ్లు జలదరిస్తది. 2013ల ఆ ప్లాంటు బ్యాక్టీరియాను తీసి 39 రకాల మందులతోని పరీక్షిస్తే, ఎక్కువ మటుకు 20 మందులకు పైగనే తట్టుకున్నయి.

ఆ తర్వాత కొన్ని మారినయి. పటాన్‌చెరు నీళ్లను 18 కిలోమీటర్ల పైప్‌లైన్ ఏసి హైదరాబాద్ మురుగు లైన్ల కలిపి అంబర్‌పేట ప్లాంటుకు పంపిన్రు. జీడిమెట్ల ప్లాంటు నీళ్లు సుత అంబర్‌పేట దిక్కే. అక్కడికెళ్లి మూసీ. కొన్ని పెద్ద కంపెనీలు చుక్క నీళ్లు బయటికి పోకుండ మరగబెట్టే ఏర్పాట్లు పెట్టుకున్నయి. 2016 ఆఖరుల జర్మనీ శాస్త్రవేత్తలు వచ్చి ఫ్యాక్టరీల చుట్టూ, మూసీల, పక్క ఊర్లల్ల 28 జాగలల్ల నీళ్లు తీసుకపోయిన్రు. 28 జాగలల్ల సుత మందుల ఆనవాళ్లు దొరికినయి. 95 శాతం కన్న ఎక్కువ నమూనాలల్ల పెద్ద కత్తెరలున్న క్రిములు, ఈఎస్‌బీఎల్, కార్బపెనమేజ్ రెండు రకాలవీ కనబడ్డయి.

ఇగ్గడ నేను ఒక మాట నిజాయితీగ చెప్పాలె. ఆ క్రిములన్నీ ఫ్యాక్టరీ వల్లనే వచ్చినయని ఎవలన్నా అంటే నమ్మకుండ్రి. నాలాలల్ల పారేది సగం మన దొడ్ల నీళ్లే. ఏ మందుల ఫ్యాక్టరీ లేని ఊర్ల మోరీల సుత ఈఎస్‌బీఎల్ దొరుకుతది. కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి దిక్కు మురుగు శుద్ధి కాకుండ నాలాల పడి హుస్సేన్‌సాగర్‌కు పోయిన ఏండ్లు ఎన్నో. క్రిమిని మనం పంపుతం, దవాఖాన పంపుతది. ఫ్యాక్టరీ పంపేది ఒత్తిడి. రెండూ కలిసిన కాడనే ఖతర్నాక్. కంపెనీలోళ్లు "మురుగు నీళ్ల వల్ల" అంటరు, మురుగు బోర్డోళ్లు "కంపెనీల వల్ల" అంటరు, ఇద్దరూ సగం సగం నిజం చెప్పి మొత్తం తప్పించుకుంటరు.

ఇగ ఎంత మందు ఉంటే ముప్పు అన్న సవాల్. దీనికి ఒక మాట ఉన్నది, ఎంఐసీ. ఒక బ్యాక్టీరియా పెరుగుడును ఆపే అన్నిటికన్న తక్కువ మోతాదు అది. మందుకు క్రిమి లొంగుతదా లేదా అని ల్యాబుల ఎట్ల చూస్తరంటే, గాజు పళ్లెంల క్రిమిని పరిచి, మందు తడిపిన చిన్న కాగితం బిళ్లలు పెడ్తరు. మందుకు లొంగే క్రిమి అయితే బిళ్ల చుట్టూ ఖాళీ సున్న పడుతది. లొంగనిదైతే బిళ్ల అంచు దాకా వచ్చి పెరుగుతది. సున్న పెద్దగుంటే ఎస్, అంటే సెన్సిటివ్. లేకుంటే ఆర్, రెసిస్టెంట్. చెల్లె కాగితం మీది అక్షరాలు ఇట్ల వచ్చినయి. దీన్నే కల్చర్ అండ్ సెన్సిటివిటీ పరీక్ష అంటరు, రెండు మూడు దినాలు పడుతది.

చానమంది అనుకునేది ఏందంటే, క్రిమిని చంపేటంత మందు లేకపోతే ముప్పు లేదని. ఒప్పు కాదు. చంపలేనంత తక్కువ మందు సుత మొండి క్రిమికి పక్కదానికన్న జర ముందు పోయే అవకాశం ఇస్తది. నడక పందెంల ఒకరికి కాల్ల చిన్న ముల్లు గుచ్చినట్టు. సావడు, కానీ ఎనకబడుతడు. అందుకే శాస్త్రవేత్తలు ఎంఐసీ కన్న చాన తక్కువగ హద్దు పెట్టాలన్నరు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 2016ల సూచించిన హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007ల పటాన్‌చెరుల దొరికింది 31 వేల మైక్రోగ్రాములు. భాగించి చూస్తే నాలుగు లక్షల రెట్లకు పైననే.

మరి మన చట్టంల హద్దు ఎంత? 2020 జనవరిల కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీల నుంచి బయటికి పోయే నీళ్లల్ల ఒక్కో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో 121 మందులకు పట్టీ ఏసి పెట్టింది. ప్రపంచంల ఏ దేశం అంత పట్టీ ఎయ్యలేదని పేపర్లల్ల మెచ్చుకున్నరు. కంపెనీలు కాదన్నయి. 2021 ఆగస్టుల తుది నిబంధనలు వచ్చినయి. పట్టీ మాయం. 2024 సెప్టెంబర్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల నీళ్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, అది సలహానే, చట్టం కాదు.

ఇప్పుడు పొల్యూషన్ బోర్డు కొలిచేది ఏంది? సీవోడీ, బీవోడీ, టీడీఎస్. మొదటి రెండు నీళ్లల్ల ఎంత చెత్త ఉన్నదో ఆక్సిజన్ లెక్కల చెప్తయి, మూడోది కరిగిన ఉప్పుల లెక్క. ఈ మూడూ పాస్ అయిన నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ ఉండొచ్చు, ఎన్‌డీఎం ప్లాస్మిడ్ ఉండొచ్చు. రంగు లేదు, వాసన లేదు. ఫాక్స్‌సాగర్ కట్ట కింద 2020 అక్టోబర్ వరదల కాలనీలు మునిగినప్పుడు ఇండ్లల్లకు వచ్చిన నీళ్లను చూసి అందరం వాసన గురించే మాట్లాడుకున్నం. నేను సుత.

ఊర్లల్ల ఉన్న మీకు ఇది పట్నం గొడవ అనిపియ్యొచ్చు. మూసీ కింద పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దిక్కు గడ్డి కోసి బర్లకు ఏసేటోళ్లను అడగండ్రి. మూసీ నల్లగొండ జిల్లాల వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది, ఆడ ఆగదు. అయినా మీ ఊరికి మా మోరీ రానక్కర లేదు. మీ ఊర్ల సుత సొంత ఒత్తిడి తయారయితున్నది. సర్ది అయితే ఆర్‌ఎంపీ కాడ సూది, రెండు దినాలకు తగ్గంగనే మిగిలిన గోలీలు డబ్బల దాచిపెట్టుడు, పక్కింటి అవ్వకు జరం వస్తే అవే గోలీలు ఇచ్చుడు. నేను ఆర్‌ఎంపీని తిడ్త లేను, అర్ధరాత్రి మీ ఇంటికి వచ్చేది ఆయనే. కానీ సర్దికి సెఫ్ట్రియాక్సోన్ ఎందుకని అడిగే హక్కు మీకున్నది. గోలీల పట్టీ ఎనక ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండ కొనకూడనిదని గుర్తు. 2016ల కేంద్రం దాని మీద ప్రచారం సుత చేసింది. గీత చిన్నది, మన కండ్లకు ఆనది.

కోళ్ల ఫారాలల్ల సుత గిదే కథ. రోగం లేకున్నా కోడి తొందరగ బరువు పెరగాలని దాణాల యాంటీబయాటిక్ కలుపుడు. ఇంతకు ముందు చెప్పిన ఆఖరి మందు కొలిస్టిన్‌ను సుత కోళ్లకు వేసేటోళ్లు. చైనాల 2015ల ఆ మందును తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద దొరికినంక ప్రపంచం ఉలిక్కిపడ్డది. మన దేశం 2019 జూలైల తిండికోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ బంద్ చేసింది. మంచి పని. ఒక్క మందు గురించి చేసిన మంచి పని.

2019 ఒక్క ఏడాదిల మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగ సచ్చిపోయినోళ్లు ప్రపంచంల 12 లక్షల 70 వేలమంది అని లాన్సెట్ పత్రిక లెక్క. అవి ఏదో కొత్త రోగాలు కావు. న్యుమోనియా, నెత్తురు విషమగుడు, మూత్రం ఇన్ఫెక్షన్, ఆపరేషన్ పుండు.

చెల్లె కాగితం ముచ్చటకు వస్తే, దాంట్ల ఎస్ ఉన్నయి గదా అని నేనే మెడికల్ షాపుకు పోయి కొనియ్యలేదు. కిడ్నీ ఎట్లున్నది, కడుపుతోని ఉన్నదా, ఇన్ఫెక్షన్ ఎంత పైదాకా పోయింది అని చూడకుండ ఎస్ చూసి మందు మింగుడు కూడా తప్పే. సర్కారు దవాఖానల కూసుండి లైన్ల నిలబడి చూపించినం. ఆ డాక్టరమ్మ కాగితం మొత్తం చదివి, కిడ్నీల దాకా పోలేదని చూసుకుని, నైట్రోఫ్యూరంటాయిన్ గోలీలు రాసింది. చవక మందు, పాత మందు. వారంల మంట తగ్గింది. ఆ కాగితాన్ని ఆధార్ కార్డు పెట్టే కవర్ల పెట్టుకొమ్మని చెప్పిన. రేపు మల్ల దవాఖానకు పోతే పాత రిపోర్టే డాక్టర్‌కు ముందుగాల చూపియ్యాలె.

ఇంకోటి మీతోని చెప్పేది ఉన్నది. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపుడు గురించి ఏండ్ల సంది మాట నడుస్తున్నది. అవతల అంటే మీ ఊర్లు. కొత్త బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ పెట్టాలంటే చాన చోట్ల ముందుగాల ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలె. టెంటు ఏస్తరు, బిర్యానీ పొట్లాలు ఇస్తరు, ఉద్యోగాలు ఎన్ని అని ఒకరు, భూమికి ధర ఎంత అని ఒకరు అడుగుతరు. ఆ ప్రశ్నలు అడగాల్సిందే. వాటితోపాటు ఇవి సుత అడగండ్రి: ఏ యాంటీబయాటిక్ చేస్తరు? బయటికి పోయే నీళ్లల్ల అది లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు ఉంటది? ఎవలు కొలుస్తరు, ఎన్ని దినాలకోసారి, ఆ కాగితం పంచాయతీ బోర్డు మీద అంటిస్తరా? జవాబు రాతపూర్వకంగ మినిట్స్‌ల ఎక్కించుమనండ్రి.

నేను ఒకపాలి ఇసొంటి సభల గిదే అడిగిన. స్టేజి మీదున్న ఆఫీసర్ మంచోడే, కోపం చెయ్యలేదు. ఫైల్ రెండు సార్లు తిరగేసి చూసి, "అది మా పట్టీల లేదండి" అన్నడు. అబద్ధం చెప్పలేదు. 2021 సంది నిజంగనే లేదు.